ప్రశ్నార్థకాలు తెలుగువి కావు

"డేటాబేసులో తెలుగు పెట్టకండి, పాడైపోతుంది." ఈ హితవాక్యం చెవిన పడని తెలుగు ప్రోగ్రామరు అరుదు. చెప్పేవారు శిక్షణకేంద్రాల అధ్యాపకులు, పెద్ద ఉద్యోగాలలో ఉన్నవారు, నాలుగేళ్లు ముందుగా ఆ దారిన నడిచిన అన్నలు. వినేవారు నిన్న మొన్న కీబోర్డు ముందు కూర్చున్న పిల్లలు. పెద్దల మీది గౌరవం కొద్దీ పిల్లలు నమ్ముతారు. నమ్మి, పేర్లన్నీ ఆంగ్లలిపిలోకి దించి, పని అయిందనిపించుకుంటారు. ఈ మాట అసత్యమనీ, దాని వలన జరిగే నష్టం చిన్నది కాదనీ, ఆ పిల్లల చిక్కులు ఒక పూట పాఠంతో తీరేవనీ చెప్పడానికే ఈ టపా.

నేను వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి. ఉన్నత పాఠశాలలో సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. ఆ తరువాత కుతూహలం కొద్దీ విజువల్ బేసిక్, యాక్సెస్, మైఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను. మా వీధిలోని డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలు తమ ప్రాజెక్టులు పట్టుకొని మా ఇంటి అరుగు మీదికి వస్తుంటారు. వాళ్ల ప్రోగ్రాములలో దొర్లే తప్పులు ఏళ్ల తరబడి చూసిన మీదట నాకు తేలిన విషయం ఇది. ఆ తప్పులలో అధికభాగం తెలివి చాలక పుట్టినవి కావు. యంత్రానికీ మనకూ నడుమ ఉండవలసిన ఒడంబడిక ఒకటి ఉన్నదని ఎవరూ చెప్పకపోవడం వలన పుట్టినవి. ఈ శబ్దానికి ఈ అర్థం అనే ఒప్పందాన్ని మన శాస్త్రకారులు సంకేతం అన్నారు. కంప్యూటరులోని ప్రతి అక్షరమూ సంకేతమే. ఏ సంఖ్యకు ఏ అక్షరమో ఇరుపక్షాలూ ఒక్కటిగా అనుకున్నంత కాలం ఏ చిక్కూ లేదు. ఒకరు ఒకటి అనుకుని, రెండవవారు మరొకటి అనుకుంటే వచ్చేవే ఆ ప్రశ్నార్థకాలు.

మొదట నష్టం సంగతి చెబుతాను. ఆంగ్లలిపిలో కె, ఓ, టి, ఎ అని ఉన్న ఇంటిపేరు కోటయా, కోతయా? ఆర్, ఎ, ఎమ్, ఎ అని ఉన్న మనిషి రమయా, రామయా? కె, ఎ, ఎల్, ఎ అంటే కల కావచ్చు, కళ కావచ్చు, కాల కావచ్చు, కాళ కావచ్చు. హ్రస్వదీర్ఘాలు పోయాయి. దంత్యమూర్ధన్యాల భేదం పోయింది. మా పిల్లలలో ఒక అమ్మాయి పొదుపు సంఘం ఖాతాల కోసం ప్రోగ్రాము రాసుకుంటే, ఆమె చదివే శిక్షణకేంద్రంలో సభ్యుల పేర్లన్నీ ఆంగ్లలిపిలోకి మార్చమన్నారు. సంఘంలోని స్త్రీలు తెలుగు చదవగలరు, ఆంగ్లం చదవలేరు. తమ పేరు తాము చదువుకోలేని పుస్తకంలో తమ డబ్బు లెక్క ఉంటే, ఆ లెక్కను వాళ్లు సరిచూసుకునేది ఎలా? ఈ ప్రశ్నకు ఆ కేంద్రంలో జవాబు లేదు. "అందరూ అలాగే చేస్తారమ్మా" అన్నారట.

తెలుగులోంచి ఆంగ్లలిపిలోకి ఎప్పుడు కావాలంటే అప్పుడు యంత్రమే మార్చి ఇవ్వగలదు. ఆంగ్లలిపి నుంచి తెలుగులోకి రావాలంటే ఊహించుకోవలసిందే. కాబట్టి మూలం తెలుగులో ఉండాలి, ఆంగ్లలిపి దాని నీడగా ఉండాలి. మనవారు నీడను దాచి మనిషిని పారవేస్తున్నారు.

ఇక పాడైపోతుందన్న వాదం. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడినప్పటి నుంచీ అందులో తెలుగు ఉంది. 3072 నుంచి 3199 వరకు నూట ఇరవై ఎనిమిది స్థానాలు మనవి. 1998 నాటి ఎస్‌క్యూఎల్ సర్వర్ 7లోనే యూనికోడ్ కాలమ్‌లు ఉన్నాయి. యాక్సెస్ 2000 తన పాఠాన్నంతా యూనికోడ్‌లోనే దాచుకుంది. మైఎస్‌క్యూఎల్‌కు 4.1 కూర్పుతో 2004లో ఆ శక్తి వచ్చింది. అంటే ఇరవై ఏళ్లకు పైగా తలుపులు తెరిచే ఉన్నాయి. తెరిచిన తలుపు ముందు నిలబడి "దారి లేదు" అని పిల్లలకు చెబుతున్నాము.

తెలుగు పాడైందని ఎవరైనా వచ్చినప్పుడు నేను ముందు అడిగేది, "నాయనా, తెర మీద ఏమి కనబడుతోంది?" అని. వైద్యుడు నాలుక చూసినట్లు లక్షణాన్ని బట్టి రోగం చెప్పవచ్చు. లక్షణాలు మూడే.

మొదటిది డబ్బాలు. అక్షరాల స్థానంలో ఖాళీ చతురస్రాలు కనబడితే డేటా క్షేమం. తగిన ఖతి లేదు, అంతే. 2005, 2006 ప్రాంతాలలో ఈ డబ్బాలతో మనమందరం కుస్తీ పట్టినవాళ్లమే. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని విడిగా స్థాపించుకుంటే గాని ఒత్తులు కుదురుకునేవి కావు. ఆనాడు మన బ్లాగరులు ఒకరికొకరు చెప్పుకుని ఆ చిక్కు దాటారు. ఎవరూ తెలుగు మానేయలేదు.

రెండవది పిచ్చిరాతలు. నెత్తిన గీత ఉన్న ఆంగ్లపు 'ఎ', దాని పక్కన డిగ్రీల సున్న గాని, కూడికా తీసివేతా కలిసిన గుర్తు గాని, ఆ వరుస మళ్లీ మళ్లీ కనబడితే అది యూటీఎఫ్-8లో ఉన్న తెలుగే. యూటీఎఫ్-8లో మన ప్రతి సంకేతానికీ మూడు బైట్లు. ఆ మూడింటిని మూడు పాశ్చాత్య అక్షరాలుగా చదివితే వచ్చే రూపం అది. ఇక్కడ కూడా డేటా చావలేదు, చదివేవాడు తప్పు చదువుతున్నాడు. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 కూర్పు వచ్చేవరకు, ఏమీ చెప్పకపోతే లాటిన్-1 అని తానే అనుకునేది. పట్టికకు యూటీఎఫ్-8 అని చెప్పి, కనెక్షనుకు చెప్పడం మరిచినా ఇదే ఫలితం. పట్టిక, కనెక్షను, తెర మూడింటికీ ఒకే మాట చెప్పాలి. పాత పట్టికలో లాటిన్-1 అని ప్రకటించిన కాలమ్‌లో యూటీఎఫ్-8 బైట్లు చేరి ఉంటే, ముందు నకలు తీసుకుని, ఆ కాలమ్‌ను బైనరీగా మార్చి, ఆపైన యూటీఎఫ్‌8ఎంబీ4గా ప్రకటిస్తే తెలుగు లేచి కూర్చుంటుంది.

మూడవది ప్రశ్నార్థకాలు. భయపడవలసినది వీటికే. "తెలుగు" అని దాస్తే ఆరు ప్రశ్నార్థకాలు వస్తాయి. అక్షరాలు మూడే అయినా సంకేతాలు ఆరు గనుక. తనకు తెలియని సంకేతం వచ్చినప్పుడు, తెలుగు లేని పాత సంకేతపట్టిక ఒక్కొక్క దాని బదులు ఒక్కొక్క ప్రశ్నార్థకాన్ని పెట్టి చేతులు దులుపుకుంటుంది. అలా దాచినది తిరిగి రాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్‌ను వార్‌చార్ అని కాక ఎన్‌వార్‌చార్ అని ప్రకటించాలి. అది చేసిన తరువాత కూడా, ఆజ్ఞలో కోట్ గుర్తుకు ముందు ఎన్ అనే అక్షరం పెట్టకపోతే, పేరు కాలమ్ చేరకముందే ప్రశ్నార్థకాలైపోతుంది. "కాలమ్ మార్చినా రావడం లేదు మాస్టారూ" అని పిల్లలు తల పట్టుకునేది ఇక్కడే.

అయితే ప్రశ్నార్థకం చూడగానే డేటా పోయిందని ఏడవనక్కరలేదు. 1998 నాటి విజువల్ బేసిక్ 6 లోలోపల యూనికోడ్‌నే వాడుతుంది గాని, దాని సొంత టెక్స్ట్‌బాక్సుకు మాత్రం పాత సంకేతపట్టికే తెలుసు. పట్టికలో నిక్షేపంగా ఉన్న పేరు ఆ పెట్టెలో ప్రశ్నార్థకాలుగా కనబడుతుంది. దానికి మందు డాట్‌నెట్‌కు మారడం. పట్టికలో ఉన్నదేమిటో తెలియాలంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ అనే ఫంక్షనును, విజువల్ బేసిక్‌లో ఆస్క్‌డబ్ల్యూను అడగండి. 63 అని వస్తే అది నిజంగా ప్రశ్నార్థకమే, పోయింది. "తెలుగు"కు 3108 అని వస్తే 'త' చెక్కుచెదరలేదు. ఇంత చిన్న పరీక్ష నేర్పకుండా, తెలుగే మానేయమని చెప్పేవారిని ఉపాధ్యాయులనడానికి నాకు నోరు రాదు.

తరువాతి తగాదా పొడవుది. పేరుకు ఇరవై చాలునని పిల్లవాడు అక్షరాలు లెక్కపెట్టి కాలమ్ చేస్తాడు. వేంకటసుబ్రహ్మణ్యేశ్వరశర్మ వచ్చి కూర్చోగానే, పాఠం తెగిపోతోందని యంత్రం మొరపెడుతుంది. ఛందస్సులో గణవిభజన చేసినవారికి ఇందులో పదకొండు అక్షరాలు. యంత్రానికి గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు, హల్లు వేరు గనుక ఇరవై అయిదు సంకేతాలు. యూటీఎఫ్-8లో డెబ్బై అయిదు బైట్లు. ఎన్‌వార్‌చార్‌లో ఇరవై అంటే ఇరవై సంకేతాలే చోటు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 నుంచి ఆ మొర ఏ కాలమ్‌లో, ఏ విలువ దగ్గర అన్నది కూడా చెబుతుంది. అంతకు ముందు వెతుక్కోవలసి వచ్చేది. ఇలాగే పేరులోని తొలి అక్షరం కావాలని ఎడమవైపు నుంచి ఒక్కటి కోస్తే, శ్రీనివాసు కాస్తా 'శ' అవుతాడు. స్త్రీ అన్నది ఒకే గురువని పద్యం రాసేవాడికి తెలుసు. ఆరు సంకేతాలని యంత్రానికి తెలుసు. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒక్కటిగా చూడాలనే నియమం యూనికోడ్‌లోకి 2023లో 15.1 కూర్పుతో చేరింది. లోకం మన అక్షరాన్ని గుర్తించడానికి శ్రమపడుతున్నది. మనవారు దానిని వదిలించుకోవడానికి శ్రమపడుతున్నారు.

"తెలుగులో అకారాది క్రమం రాదు" అన్నది ఇంకొక పుకారు. సంకేతసంఖ్యల వరుసలో పెట్టినా కల, కాకి, కౌలు, క్రమము ఆ వరుసలోనే వస్తాయి. గుణింతాల తరువాత పొల్లుకు స్థానమిచ్చారు గనుక ఒత్తులున్న మాటలు గుణింతాల వెనుక నిలుస్తాయి. బడిలో మనం 'హ' తరువాత చెప్పే 'ళ' అక్కడ 'ల' పక్కన, 'ఱ' అక్కడ 'ర' పక్కన ఉంటాయి. తేడా ఉన్న మాట నిజమే, కాని ఆంగ్లలిపిలో పెడితే వచ్చే గందరగోళం ముందు ఇది ఏపాటి?

వెతుకులాటలో నిజమైన చిక్కు ఒకటుంది. 'రాజ్‌కుమార్' అని రాసేటప్పుడు పొల్లు తరువాత అక్షరం ఒత్తుగా మారకుండా కంటికి కనబడని సంకేతం ఒకటి పెడతాము. దాని సంఖ్య 8204. కొన్ని కీబోర్డులు దానిని మాట చివర కూడా తగిలిస్తాయి. చూడడానికి రెండు పేర్లూ ఒక్కటే, పోల్చి చూస్తే వేరు, వెతికితే దొరకదు. దాచేటప్పుడు చివరనున్నదాన్ని తొలగించి, వెతికేందుకు ఆ సంకేతం లేని రూపాన్ని పక్క కాలమ్‌లో ఉంచుకుంటే తగువు తీరుతుంది.

ఇవన్నీ తెలుగు కష్టాలే కదా అనేవారికి తెలుగుతో సంబంధం లేని దాన్ని చూపిస్తాను. యాక్సెస్‌లో హాష్ గుర్తుల నడుమ 05/08/2007 అని రాస్తే అది ఆగస్టు 5 కాదు, మే 8. అక్కడ నెల ముందు, తేదీ తరువాత అన్న అమెరికా ఆచారం. విచిత్రమేమంటే 15/08/2007 అని రాస్తే ఆగస్టు 15గానే తీసుకుంటుంది, పదిహేనవ నెల లేదు గనుక. పిల్లవాడు స్వాతంత్ర్యదినం పెట్టి పరీక్షిస్తాడు, సరిగా వస్తుంది. పన్నెండవ తేదీ లోపు జరిగినవన్నీ తారుమారవుతాయి. ఇక్కడ ఎవరైనా "డేటాబేసులో తేదీలు పెట్టకండి, పాడవుతాయి" అన్నారా? తేదీ తప్పితే ప్రోగ్రాము సరిదిద్దుకుంటారు, తెలుగు తప్పితే తెలుగును తీసివేస్తారు. నా కోపానికి కారణం ఈ పక్షపాతమే.

ప్రశ్నార్థకాలకూ తేదీలకూ కలిపి మందు ఒకటే ఉంది, అది పారామీటరు. ఆజ్ఞను ముక్కలు ముక్కలుగా అతికించి, నడుమ వాడుకరి టైపు చేసిన మాటను ఇరికించడం మాని, ఆజ్ఞలో చోటు మాత్రం వదిలి విలువను విడిగా పంపడం. డాట్‌నెట్‌లో అలా పంపిన పాఠం యూనికోడ్‌గానే వెళుతుంది గనుక ఎన్ మరిచిపోయే ప్రసక్తి లేదు. తేదీ తేదీగా వెళుతుంది గనుక నెల తారుమారు కాదు. చిరునామాలో ఒంటికోట్ గుర్తు ఉన్న పాఠశాల పేరు వచ్చినా ఆజ్ఞ విరగదు. దురుద్దేశంతో ఎవరైనా పేరు పెట్టెలో డేటాబేసు ఆజ్ఞ రాసినా అది పేరుగానే మిగిలిపోతుంది. ఇంత గుణమున్న మందును చివరి అధ్యాయంలో, పరీక్షకు రాదన్న గుర్తుతో చెబుతున్నారు. మొదటి రోజు చెప్పవలసినది ఇది.

అన్నిటికంటే పెద్ద అపచారం తప్పులను దాచడం. "ఆన్ ఎర్రర్ రెస్యూమ్ నెక్స్ట్" అనే వాక్యాన్ని ప్రోగ్రాము తలమీద పెట్టుకోమని నేర్పుతున్నారు. తప్పు వచ్చినా మాట్లాడకుండా ముందుకు పొమ్మని దాని అర్థం. కొత్త భాషలలో తప్పును పట్టుకుని ఏమీ చేయకుండా వదిలే ఖాళీ క్యాచ్ కూడా దాని తమ్ముడే. ముప్పై ఏళ్లు ఎర్రసిరాతో జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి, తప్పు కనబడకపోతే పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో నాకు అర్థం కాదు. యంత్రం ఇచ్చే దోషసందేశం తిట్టు కాదు, ఎర్రసిరా గీత. దానిని చదవడం, ఏ పంక్తిలో, ఏ విలువకు, ఏమి ఆశించి ఏమి దొరికిందో తెలుగులో ఒక వాక్యంగా రాయడం పిల్లలకు అలవాటు చేశాను. ఆ వాక్యం రాయగలిగితే సగం చిక్కు అక్కడే విడిపోతోంది. నేడు అడిగిన మరుక్షణం యంత్రమే జవాబు రాసి ఇస్తున్నది. మంచిదే. ఆ జవాబును అతికించే ముందు రోగలక్షణం చెప్పగలిగినవాడికే అది ఉపయోగం.

ఎదుటివారి వాదాలను కూడా తూచి చూద్దాం. పై కార్యాలయాలు ఆంగ్లలిపినే అడుగుతాయి అంటారు. నిజం. అందుకు రెండవ కాలమ్ ఉంది. మొదటిదాన్ని చెరపవలసిన పని లేదు. తెలుగుకు చోటు ఎక్కువ పడుతుంది అంటారు. లక్ష పేర్లు, ఒక్కొక్కటి ఇరవై సంకేతాలు, ఒక్కొక్క సంకేతం మూడు బైట్లు. అరవై లక్షల బైట్లు. చేతిఫోనుతో తీసిన రెండు మూడు ఫొటోల బరువు. పాత ఖతులతో టైపు చేసిన తెలుగు చాలదా అంటారు. చాలదు. అందులో దాగేది తెలుగు కాదు, తెలుగు ముక్కల బొమ్మ వేసుకున్న ఆంగ్ల సంకేతాలు. ఖతి మారితే ఆ వేషం తొలగిపోతుంది. వెతకడానికి, వరుసలో పెట్టడానికి అది పనికిరాదు.

మరి లోపం ఎక్కడ? మనం పెట్టే ఉదాహరణలలో. ఓరకిల్ వారి ఎంప్ పట్టికలో స్మిత్, అలెన్, వార్డ్ ఉద్యోగులు. ఆ పట్టిక మీదనే చదువు మొదలై, ఆ పట్టిక మీదనే ముగిసిపోతుంది. స్మిత్‌కు ఒత్తు లేదు, పొల్లు లేదు, కనబడని సంకేతం లేదు. స్మిత్‌తో ఏడాది గడిపిన పిల్లవాడికి సుబ్రహ్మణ్యం ఎదురైన రోజున కాళ్లు వణకడంలో ఆశ్చర్యమేముంది? మొదటి పాఠంలోనే స్మిత్‌ను పక్కన పెట్టి శ్రీనివాసును, లక్ష్మిని, రాజ్‌కుమార్‌ను కూర్చోబెట్టండి. అయిదవ తేదీన పుట్టిన ఒకరిని, పదిహేనవ తేదీన పుట్టిన ఒకరిని పెట్టండి. చిక్కులన్నీ గురువు పక్కన ఉండగానే వస్తాయి. అప్పుడే రావాలి.

బ్లాగ్మిత్రులకు ఒక మనవి. డబ్బాల కాలంలో మన జాలపుటలలో ఒకరి చిక్కు ఒకరు విప్పాము. ఖతి ఎలా స్థాపించాలో, లేఖినిలో ఎలా రాయాలో తెలుగులోనే చెప్పుకున్నాము. కవితలు, కథలు ఆ పునాది మీద లేచినవే. అదే పని ఇప్పుడు డేటాబేసులకు కావాలి. మీలో ప్రోగ్రాములు రాసేవారు ఎందరో ఉన్నారు. మీరు విడగొట్టిన ఒక్కొక్క చిక్కును, దాని లక్షణం, కారణం, మందు చెబుతూ తెలుగులో ఒక్కొక్క టపాగా రాయండి. ఆంగ్లంలో వేల జవాబులు ఉన్నాయన్నది నాకు తెలుసు. అందులో రాజ్‌కుమార్ పొల్లు సంగతి అడిగిన వారు ఎందరు?

పొదుపు సంఘం అమ్మాయి ఎన్‌వార్‌చార్ పెట్టింది, పారామీటర్లు వాడింది, సభ్యుల పేర్లు తెలుగులో అచ్చు వేసి ఇచ్చింది. ఆ కాగితం మీద తమ పేర్లు వేలితో చూపిస్తూ ఆ స్త్రీలు లెక్క సరిచూసుకున్నారు. ఇద్దరి లెక్కలో తేడా పట్టుకున్నారు కూడా.